రిఫైనరీకి పేడ

మా నాన్నకి నేను కాక ఇంకా కోట్లమంది పిల్లలు ఉండేవాళ్లు.

వాళ్లు రిఫైనరీ వెనక, ఈత కొలనులంత పెద్ద సిమెంటు తొట్లలో ఉండేవాళ్లు. కంటికి కనిపించేవాళ్లు కాదు. నూనె శుద్ధి చేశాక వచ్చే మురికినీళ్ల మీద తేలే జిడ్డును యంత్రాలు తీసేస్తాయి. నీళ్లలో కరిగిపోయిన విషాన్ని మాత్రం ఏ యంత్రమూ తీయలేదు. దాన్ని తినడమే నాన్న పిల్లల పని. పుస్తకాల్లో వాళ్ల పేరు బ్యాక్టీరియా. వాళ్లకి ఊపిరాడాలని తొట్టి అడుగునుంచి ఎప్పుడూ గాలి కొడుతూనే ఉండాలి. వాళ్లు తిని వదిలిన నీళ్లే మా ఊరి ఏట్లో కలిసేవి. ఆ ఏటి నీళ్లే అమ్మ చేపల చెరువులోకి వచ్చేవి.

నాన్నది ఆ తొట్ల దగ్గర కాంట్రాక్టు పని. తేలిన చెత్త తీయడం, మూసుకుపోయిన గొట్టాలు పొడవడం, పిల్లలకి యూరియా కలపడం. సాయంత్రం మోటారుసైకిలు చప్పుడు వినపడగానే అమ్మమ్మ అరుగు మీదనుంచే అడిగేది.

"అల్లుడూ, పిల్లలెలా ఉన్నారు?"

"కడుపునిండా తిని కునుకు తీస్తున్నారత్తయ్యా. ఒంటిరంగు చూడాలి, పాలు తగ్గించిన కాఫీలా నిగనిగలాడుతున్నారు."

"నా కడుపున పుట్టింది కుస్ ఒక్కతే," అని అమ్మ వంటింట్లోంచి అనేది. "మిగతా సంతానం ఎవరికి పుట్టిందో ఆయన్నే అడుగమ్మా."

రోజూ ఇదే మాట, రోజూ ఇదే నవ్వు. నాకు అప్పుడు పదహారేళ్లు. నలుగురిలో నోరు పెగలని దాన్ని కాబట్టి పెద్దగా కలగజేసుకునేదాన్ని కాదు గానీ, నాన్న బట్టలకి తొలకరి వానలో తడిసిన మట్టి వాసన ఎందుకుంటుందో నాకు తెలుసు. తొట్లు బాగుంటే ఆ వాసనే వస్తుందట.

ఆ ఏడు వానలు ఆగిపోయి, ఏరు సన్నబడ్డాక, రిఫైనరీ వాళ్లు షట్‌డౌన్ పెట్టారు. కొన్నేళ్లకోసారి మొత్తం ఆపేసి, ట్యాంకులూ గొట్టాలూ విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తారు. ఎక్కడెక్కడి దీవుల నుంచో మనుషులు దిగిపోయారు. ఊళ్లో ఖాళీ గది అన్నది లేదు. పక్కింటి దార్సెమక్క, మా మాటలో యూ దార్సెమ్, తన గొర్రెల కొట్టం కడిగించి ఇద్దరు వెల్డర్లకి అద్దెకిచ్చింది. "గొర్రెలకంటే వీళ్లే నయం, రాత్రిళ్లు అరవరు," అని ఊరంతా చెప్పుకుంది. ఆవిడ హోటల్లో పొద్దున్నుంచి మెందోవాన్ వేగుతూనే ఉండేది. పులిసిన సోయాగింజల అచ్చుల్ని కోసి, పిండి ముద్దగా పట్టించిన ఆ టెంపె ముక్కలు నూనెలోంచి తీయకముందే అయిపోయేవి.

ఊరందరికీ అది పండగ. నాన్నకి మాత్రం దిగులు.

"అన్నీ ఆపేస్తే మురికి రాదు. మురికి రాకపోతే పిల్లలు ఏం తింటారు?" అంటూ రిఫైనరీ వాళ్లనడిగి బెల్లపు మడ్డి తెప్పించాడు. దాన్ని నీళ్లలో కలిపి తొట్లలో పోసేవాడు.

"మనింట్లో టీకి చక్కెర చాలడం లేదు. అక్కడ వాళ్లకి బెల్లప్పాకం," అంది అమ్మ.

"నువ్వు బతికించే చేపలు బతకాలంటే ముందు నేను బతికించేవాళ్లు బతకాలి తుమీ."

అలా నవ్వుతూ అన్నాడు. ఆ షట్‌డౌన్‌లో నాన్న నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

తరవాతి వారం ఒక సాయంత్రం ఇంటికొచ్చాడు. అమ్మమ్మ అడిగింది, "పిల్లలెలా ఉన్నారు?" అని.

"బానే ఉన్నారు," అని నేరుగా నూతి దగ్గరకెళ్లి స్నానం మొదలుపెట్టాడు. చేదల మీద చేదలు కుమ్మరించుకుంటూనే ఉన్నాడు. విడిచిన బట్టలు నేను తీయబోతే, "ముట్టుకోకు" అన్నాడు. మట్టి వాసన లేదు. మురిగిపోయిన గుడ్లు పగలగొట్టినట్టు ఉంది.

మర్నాడు పొద్దున్న అమ్మ చెరువు తూము ఎత్తింది. రోజూ చేసే పనే. సముద్రపు పోటుకి ఏట్లో నీళ్లు పొంగే వేళకి తూము ఎత్తితే కొత్త నీళ్లు వచ్చి చేపలు హుషారుగా గట్టు దాకా వస్తాయి. ఆ రోజూ వచ్చాయి. నోళ్లు పైకి తెరుచుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. చెరువంతా మూతులే కనిపించాయి. ముందు మేత కోసమనుకున్నాను. తూములోంచి తెల్లటి నురగ, ఎవరో సబ్బు కరగదీసి పోసినట్టు, గుట్టలుగుట్టలుగా దొర్లుతోంది.

అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తినట్టు సరోంగు పైకి దోపి, మొలలోతు దిగి, రెండు చేతుల్తో తూము పలక కిందికి నొక్కింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మధ్యాహ్నానికి తిలాపియాలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని తేలాయి. మరో నెలలో పట్టి అమ్మాల్సిన చేపలు. అమ్మా నేనూ బుట్టలతో ఎత్తి గట్టున పోశాం. అమ్మ ఏడవలేదు. ఆవిడ చేతులకి నీళ్లలో ఏదో కొట్టి మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు లేచాయి.

"పైనుంచి ఏం వదిలారు?" అని నాన్నని అడిగింది.

"నాకు తెలీదు."

"తొట్ల దగ్గర ఉండేది నువ్వేగా?"

"తెలీదన్నానుగా." నాన్న ఆవిడ మొహం వైపు చూడలేదు.

ఏటి గట్టున ఉన్న చెరువులన్నీ ఇలాగే పోయాయి. సాయంత్రానికి రిఫైనరీ నుంచి పాక్ హెండార్తో అనే ఆయన వచ్చాడు. పర్యావరణం చూసే ఆఫీసరు. మా వైపు మర్యాదకి మగవాళ్లని పాక్ అనీ, ఆడవాళ్లని బూ అనీ పిలుస్తారు. బూటుకి బురద అంటకుండా గట్టు మీదే ఆగి, చచ్చిన చేపల్ని చూసి నాలుక చప్పరించాడు.

"అయ్యో బూ తుమినీ! ఎండలు మరీ ముదిరాయి కదా. నీళ్లు వేడెక్కితే ఇంతే. మేత కూడా కాస్త ఎక్కువ వేసుంటారు."

"ఇరవై ఏళ్లుగా వేస్తున్న మేతే వేశాను."

"అదే నేననేది. వాతావరణం మారింది, పద్ధతులు మార్చుకోవాలి. చేపల పెంపకం మీద మేమొక శిక్షణ పెడతాం. మీరు తప్పకుండా రావాలి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను కూడా. మాట రాలేదు. యూ దార్సెమ్‌కి ఆ ఇబ్బంది లేదు.

"ఆ శిక్షణలో నురగ వేసే చేపల్ని పెంచడం కూడా నేర్పుతారా పాక్?" అంది.

ఆయన హాయిగా నవ్వేసి, బూట్లు దులుపుకుని వెళ్లిపోయాడు.

మాకు మిగిలినవి తల్లిచేపలు. వంటింటి వెనక సిమెంటు తొట్టిలో నూతి నీళ్లలో ఉంటాయి కాబట్టి బతికిపోయాయి. వాటి విషయంలో అమ్మకొక పద్ధతి ఉంది. గుడ్లు పెట్టించడానికి ఎంచిన ప్రతి చేపకీ కుడి చెంప పక్కనుండే రెక్క కొసని కత్తెరతో చిన్నగా కత్తిరిస్తుంది. లేకపోతే అమ్మమ్మ పెద్ద చేప కనపడగానే మూకుడు పొయ్యి మీద పెట్టేస్తుంది. రెక్క మళ్లీ పెరుగుతుంది, పెరిగితే అమ్మ మళ్లీ కత్తిరిస్తుంది. ఆ వారమే కత్తిరించింది కూడా. చేపల్ని తడిగుడ్డలో నేనే పట్టుకున్నాను.

"ఇవి ఉన్నాయి చాలు," అంది అమ్మ ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు. "ఏరు బాగుపడ్డాక వీటితో మళ్లీ మొదలెట్టొచ్చు."

నాన్న తల వంచుకుని తింటున్నాడు.

రిఫైనరీలో నీళ్లు బయటికి పోయే చోట కూడా ఒక చిన్న చేపల తొట్టి ఉంది. శుద్ధయిన నీళ్లు దాని గుండానే ఏట్లోకి వెళ్తాయి. అందులో చేపలు ఈదుతుంటే నీళ్లు మంచివని లెక్క. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ ముందు ఆ తొట్టే చూపిస్తారు. నన్నూ ఒకసారి బడి నుంచి తీసుకెళ్లి చూపించారు. మేమంతా గట్టు మీద వరసగా నిలబడి చప్పట్లు కొట్టాం.

చెరువులు పోయాయన్న సంగతి జిల్లా దాకా వెళ్లింది. అక్కడినుంచి ఇద్దరు అధికారులు వస్తున్నారనీ, ఊరి సభామందిరంలో అందరితో మాట్లాడతారనీ చెప్పారు. సభ రోజు పొద్దున్న మేత వేయడానికి వెళ్లిన అమ్మ తల్లిచేపల తొట్టి దగ్గర అలాగే నిలబడిపోయింది. నీళ్లున్నాయి. చేపల్లేవు.

"అమ్మా, వేపేశావా?" అని కేకేసింది.

"నా పళ్లకి అంత బలముంటే ఇంకేం," అంది అమ్మమ్మ.

దొంగలెవరో పట్టుకుపోయారనుకున్నాం. ఊళ్లో చేప అన్నదే కరువైన రోజులు. అమ్మ ఆ తొట్టి గట్టు మీదే చాలాసేపు కూర్చుంది. తరవాత లేచి, తలకి గుడ్డ చుట్టుకుని, "పద కుస్, సభ టైమవుతోంది," అంది.

సభామందిరం నిండిపోయింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. రిఫైనరీ వాళ్లు అందరికీ అట్టపెట్టెల్లో చిరుతిళ్లు పంచారు. ముందు బల్ల మీద ఎర్రటి గుడ్డ కప్పిన పెట్టె ఏదో ఉంది. నాన్న ఆ బల్ల వెనకే, రిఫైనరీ చొక్కాతో, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

పాక్ హెండార్తో అందరికీ సలాములు చెప్పి, షట్‌డౌన్‌లో కూడా నీటిశుద్ధి ఒక్క పూట ఆగలేదన్నాడు. "కాగితాలు చూపిస్తే మీరు నమ్మకపోవచ్చు. అందుకే కాగితాలు తేలేదు. సాక్షుల్నే తెచ్చాను," అని గుడ్డ లాగేశాడు.

అద్దాల పెట్టె. లోపల ఎనిమిదో పదో పెద్ద తిలాపియాలు, నెమ్మదిగా తోకలాడిస్తూ. "వీళ్లు మా నీళ్లు బయటికి పోయే తొట్టిలో నెలల తరబడి కాపరం చేస్తున్నారు. చూడండి ఎంత ఆరోగ్యంగా ఉన్నారో. మా నీళ్లలో విషముంటే ముందు పోవాల్సింది వీళ్లు కదా?"

జిల్లా అధికారులు ముందుకి వంగి చూశారు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు.

అమ్మ చెయ్యి నా చేతిని పట్టుకుంది. ఒక చేప అద్దానికి దగ్గరగా వచ్చి పక్కకి తిరిగింది. కుడి రెక్క కొస లేదు. దాని వెనక మరొకటి. దానికీ లేదు.

అమ్మ లేచింది. సభలో ఆడవాళ్లు లేచి మాట్లాడటం మా ఊళ్లో తక్కువ.

"ఆ చేపలు నావి," అంది.

"చెప్పండి బూ?"

"నావి. కుడి రెక్కలు చూడండి. నేను కత్తిరించిందే. వారం కాలేదు. నిన్న సాయంత్రం దాకా మా నూతి నీళ్లలో ఉన్నాయి."

గుసగుసలు లేచాయి. పాక్ హెండార్తో పెట్టె వైపు ఒకసారి చూసి, మళ్లీ చిరునవ్వుతో మా వైపు తిరిగాడు. "చేపలు ఒకదాని రెక్క ఒకటి కొరుక్కుంటాయి బూ తుమినీ. మీకు తెలియంది కాదు." ముందు వరసలో ఎవరో నవ్వారు. "అయినా మీ మాటా నిజమే. ఇవి మీ ఇంటి చేపలే, మేం కాదన్లేదు. మీ ఆయన, మన పాక్ కర్సిది, తెచ్చిచ్చినవే. మీకు చెప్పలేదేమో! పాక్ కర్సిది, ఎప్పుడు తెచ్చారు వీటిని?"

మందిరమంతా నాన్న వైపు తిరిగింది. నాన్న పెట్టె వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"లెబరాన్ పండగ అయ్యాక," అన్నాడు.

రంజాన్ ఉపవాసాలు ముగిశాక వచ్చే ఆ పండగ వెళ్లి అప్పటికి చాలా నెలలయింది.

"విన్నారుగా," అన్నాడు పాక్ హెండార్తో.

జిల్లా అధికారి తలూపి, కలం తీసి ఏదో రాసుకున్నాడు. అమ్మ కూర్చుంది.  చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆవిడ వైపు చూడటం మానేసి, ఒళ్లో ఉన్న చిరుతిళ్ల పెట్టెలు విప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ అట్టల చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. యూ దార్సెమ్ ఒక్కతే తన పెట్టెని కాలితో బెంచీ కిందకి తోసేసింది.

ఆ సాయంత్రం అమ్మమ్మ పిల్లల గురించి అడగలేదు. అమ్మ నాన్నకి అన్నం వడ్డించి, నీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"వాళ్ల తొట్టిలో చేపలు చచ్చాయన్నమాట," అంది.

నాన్న అన్నం ముద్దని కంచంలోనే అటూ ఇటూ దొర్లించాడు.

"నన్నడిగితే ఇవ్వనని, చెప్పకుండా పట్టుకుపోయావు."

"ఊళ్లో ఇంకెక్కడా బతికున్న చేప దొరకలేదు తుమీ. సభకి తెస్తారని నాకు తెలీదు. తొట్టిలో వేయమన్నారంతే. షట్‌డౌన్ అయ్యాక కాంట్రాక్టులు మళ్లీ రాస్తారు. ఎవరి పేరుండాలో పాక్ హెండార్తో చేతిలో ఉంది. నీ చెరువు ఎలాగూ పోయింది. నా పని కూడా పోతే..."

"దొంగతనం చేసుంటే ఊరుకునేదాన్ని, కుస్ నాన్నా. నా చేపల చేత అబద్ధం చెప్పించావు. నన్ను పిచ్చిదాన్ని చేసి నవ్వుతుంటే నిలబడి చూశావు." గొంతు పెంచలేదు. "తిను. చల్లారిపోతుంది."

ఆ రోజునుంచి అమ్మ నాన్నకి అన్నీ అమర్చేది, మాట మాత్రం లేదు. నేను వాళ్లిద్దరి మధ్యా టీ గ్లాసులు మోసేదాన్ని. నాన్న మీద నాకూ కోపంగానే ఉండేది. ఒక్కోసారి రిఫైనరీ మీదకంటే ఎక్కువ ఉండేది. రిఫైనరీకి మొహం లేదు, నాన్నకుంది. ఏరు మాత్రం అలాగే పారుతూనే ఉంది, బూడిద రంగులో, నురగతో. పిల్లలు దురదలతో బడికొచ్చేవాళ్లు.

ఒక పొద్దున్న పసుపురంగు లారీ ఒకటి వచ్చి యూ దార్సెమ్ హోటలు ముందు ఆగింది. వెనకే పాక్ హెండార్తో కారు. లారీలోంచి ఖాళీ గోతాలు దించుతూ నాన్న దిగాడు.

"ఏంటి బావా, మాకు బియ్యం తెచ్చావా?" అంది యూ దార్సెమ్.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "పేడ కావాలి. ఆవుపేడ. పచ్చిది. ఎంతున్నా తీసుకుంటాం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత హోటల్లో వాళ్లంతా పడీ పడీ నవ్వారు.

"పెట్రోలు అయిపోయిందా? ఇకమీదట పేడతో నడుపుతారా బళ్లు?"

"వెల్డర్లకి మెందోవాన్ మొహం మొత్తిందేమో!"

"నవ్వకండి, నవ్వకండి," అంటూ పాక్ హెండార్తో తనూ నవ్వాడు. "మొక్కలకండీ. రిఫైనరీ చుట్టూ పచ్చదనం పెంచాలని. మీ ఊరి పేడతో మా తోట. మంచి డబ్బే ఇస్తాం."

ఆవులున్న ఇళ్లవాళ్లు అప్పుడే బుట్టల కోసం కదిలారు. అమ్మ ఇంట్లోంచి వచ్చి, లారీ వెనక తలుపుకి వీపు ఆనించి నిలబడింది. మా ఇంట్లోనూ రెండు ఆవులున్నాయి. ఎండాకాలం మధ్యలో లారీడు పచ్చి పేడ ఏ మొక్కలకి వేస్తారో, వేస్తే ఆ మొక్కలేమవుతాయో, మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"దేనికి?" అని అడిగింది.

"చెప్పాను కదా బూ, తోటకి..."

"మిమ్మల్ని కాదు." అమ్మ నాన్న వైపు చూసింది. సభ జరిగిన రాత్రి తరవాత ఆవిడ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. "దేనికి?"

నాన్న గోతం మడత విప్పాడు, మళ్లీ మడిచాడు.

అప్పుడు మా అరుగు మీదనుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. నవ్వులాట లేదు అందులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అల్లుడూ, పిల్లలెలా ఉన్నారు?"

నాన్న గోతాన్ని లారీ అంచు మీద పెట్టాడు.

"చచ్చిపోయారత్తయ్యా," అన్నాడు.

"పాక్ కర్సిది," అన్నాడు ఆఫీసరు.

"అందరూ చచ్చిపోయారు. ట్యాంకులు కడిగిన కాస్టిక్ సోడా నీళ్లు పక్కన నిలవచేసి, కొంచెం కొంచెంగా పిల్లల దగ్గరకి వదలాలి. అలాగైతే తినగలరు. పైవాళ్లకి తొందర, షట్‌డౌన్ గడువు దాటకూడదని. మొత్తం ఒక్కసారే వదిలేశారు. నా కళ్లముందే కాఫీ రంగు నీళ్లు బూడిదలా అయిపోయాయి."

"పాక్ కర్సిది, లారీ ఎక్కండి."

"తొట్టి పాడైందని తెలిశాక నీళ్లని పక్క కాలవలోంచి నేరుగా ఏట్లోకి మళ్లించారు. ఇప్పటికీ అలాగే పోతున్నాయి. వేరే ఊరి రిఫైనరీ నుంచి బతికున్న బురద తెప్పిస్తున్నారు గానీ దానికి టైం పడుతుంది. పేడలోనూ ఇలాంటి పిల్లలే ఉంటారు, ఈలోగా అది పోసి మళ్లీ పుట్టించాలి. దీనికే పేడ." ఊపిరి తీసుకున్నాడు. "ఆ చేపల్ని కూడా సభకి ముందురోజు నేనే పట్టుకెళ్లాను. లెబరాన్ తరవాత అన్నది అబద్ధం."

మూకుడులో మెందోవాన్ మాడుతున్నా ఎవరూ తీయలేదు. పాక్ హెండార్తో ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుని కారు అవతలికి నడిచాడు. అక్కడ ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో గానీ వీపు మాత్రం కోపంగా ఉంది.

ముందుగా తేరుకుంది యూ దార్సెమ్. "ఒక్క ముద్ద ఇవ్వొద్దు!" అని గరిటె ఊపింది. "మన చేపల్ని చంపి, మనల్ని వెధవల్ని చేసి, మళ్లీ మన కొట్టంలోకే బుట్ట పట్టుకొస్తారా? వాళ్లాఫీసులో కావలసినంత పేడ ఉంది, బుర్రల్లో. తోడుకోమనండి!"

"అవును, ఇవ్వొద్దు!" అన్నారు అందరూ. నాకూ అదే న్యాయమనిపించింది.

అమ్మ లారీ తలుపు దగ్గరనుంచి పక్కకి జరిగింది.

"ఇద్దాం," అంది.

"నీకేమైనా పిచ్చా తుమినీ?"

"ఇవ్వకపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి దార్సెమ్? వాళ్ల వంటింట్లోకా? మన ఏట్లోకే. వాళ్లకి ఒక రోజు ఆలస్యమైతే జీతం తగ్గదు. మన పిల్లలకి ఒక రోజు దురద ఎక్కువ." కొట్టం వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది. "డబ్బొద్దు. డబ్బు తీసుకుంటే రేపు బేరం కుదిరిందంటారు. కుస్, పార తీసుకురా."

ఆ పూటంతా పేడ ఎత్తాం. ముందు అమ్మా నేనూ, తరవాత తిట్టుకుంటూ యూ దార్సెమ్, తరవాత ఇంకొందరు. తిట్లు ఒక్క క్షణం ఆగలేదు. బుట్టకో తిట్టు చొప్పున లారీలో పడ్డాయి. నాన్న లారీ మీద నిలబడి బుట్టలు అందుకున్నాడు. అమ్మ ఎత్తిన బుట్టలు కూడా ఆయనే అందుకున్నాడు. పాక్ హెండార్తోతో వచ్చిన కుర్ర ఉద్యోగి ఒకడు కెమెరా పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే, ఎందుకో అప్పుడు మేం పట్టించుకోలేదు.

పిల్లలు మళ్లీ పుట్టారు. ఏరు బూడిద రంగు వదిలేసరికి వానలొచ్చాయి. నాన్న వాళ్లని చూడలేదు. షట్‌డౌన్ అయిపోయాక రాసిన కొత్త కాంట్రాక్టుల్లో ఆయన పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే, తొట్టి నిర్వహణలో నిర్లక్ష్యం అన్నారట. చెరువులకి పరిహారం అడిగితే, చేపలు ఎండకి చచ్చాయని జిల్లా వాళ్లు ముందే తేల్చేశారట. నాన్న లారీ ముందు చెప్పిన మాటలు మరి? అవి సభలో చెప్పినవి కావు కదా అన్నారు. సభలో చెప్పిన అబద్ధం రాసుకోవడానికి కలం ఉంది. రోడ్డు మీద చెప్పిన నిజానికి లేదు.

తరవాత కొన్నాళ్లకి నేను బడినుంచి వస్తుంటే ఏటి వంతెన దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. వంతెన రెండు స్తంభాలకీ అడ్డంగా పెద్ద బ్యానరు. అందులో ఒక మనిషంత ఎత్తున అమ్మ, నెత్తిన పేడ బుట్టతో. ఎండకి కళ్లు చికిలించి పళ్లు బిగించింది. దాన్ని నవ్వనుకోమని చుట్టూ ఆకుపచ్చ పువ్వులు వేశారు. కింద ఇంతింత అక్షరాలు: 'స్వచ్ఛమైన ఏరు, సంతోషమైన ఊరు. మా పర్యావరణ భాగస్వాములైన గ్రామ మహిళలకు కృతజ్ఞతలు.'

పరుగున వెళ్లి ఇంట్లో చెప్పాను. ఆయాసంతో, కోపంతో మాటలు ఒకదాని మీదొకటి పడ్డాయి. అంత గట్టిగా మాట్లాడింది నేనేనా అన్నట్టు అమ్మమ్మ చూసింది.

అమ్మ అంతా విని, చేతులు తుడుచుకుని, వాకిట్లో ఉన్న వెదురు నిచ్చెన ఒక కొస ఎత్తింది. రెండో కొస నేను ఎత్తబోయేసరికి అది అప్పటికే లేచింది. నాన్న ఎత్తాడు.

సాయంత్రం షిఫ్టు మారే వేళ. రిఫైనరీ బళ్లన్నీ వంతెన మీదే ఉన్నాయి. నాన్న నిచ్చెన స్తంభానికి ఆనించి గట్టిగా పట్టుకున్నాడు. అమ్మ ఎక్కి తాళ్లు కోసింది. బ్యానరు కింద పడకుండా నేను రోడ్డు మధ్యలో, అంతమంది చూస్తుండగా, చేతులు చాచి పట్టుకున్నాను. బళ్ల హారన్లు మోగుతున్నాయి. గేటు దగ్గరి కాపలావాడు ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్! ఎవరినడిగి దింపుతున్నారు? అది కంపెనీది!"

నాన్న నిచ్చెన వదల్లేదు. తల మాత్రం తిప్పాడు.

"మా ఆవిడ బొమ్మయ్యా ఇది," అన్నాడు, వంతెన మీద అందరికీ వినపడేలా. "ఇంటికి తీసుకెళ్తున్నాను."